రెండు రోజులు ఆగి పుట్టిన దూడ

ఆగస్టు 3, ఆదివారం

హాసిని గోడ మీది క్యాలెండర్ దించి నేల మీద పరిచింది. అరవంలో ఉన్న పండగలన్నీ తమ్ముడికి చదివి వినిపిస్తోంది. వరలక్ష్మీ వ్రతం... మనింట్లో ఉంది. ఆడికృత్తిక... ఉంది. వినాయక చవితి దగ్గర వేలు ఆగింది. "ఇది మనింట్లో లేదురా."

రిషికి అర్థం కాలేదు. "ఎందుకు లేదు? క్యాలెండర్లో ఉండాదే!"

ఇద్దరూ నన్ను చూశారు. పప్పు మాడుతోందని వంటింట్లోకి పారిపోయాను. పొయ్యి మీద పప్పే లేదు.

ఆగస్టు 4

వాడు వదలడు. చివరికి అక్కే చెప్పింది, ఎనిమిదేళ్ళ పెద్దరికంతో. "అవ్వకు భారతి అని ఒక కూతురు ఉండె. నాయనకు చెల్లెలు. చవితి నాడు చచ్చిపోయింది. నా అంత ఉన్నప్పుడు."

పూజకు పత్రి కోసం చేను గట్టుకు వెళ్ళింది. పాము. ఆర్.కె.పేట ఆసుపత్రి చేరేలోపే... ఈయనకు అప్పుడు పన్నెండు. ఇరవయ్యారేళ్ళయింది.

పండగ నాడు ఇంట్లో చావు జరిగితే ఆ పండగ ఆ ఇంటికి పోయినట్టే. మళ్ళీ రావాలంటే అదే పండగ నాడు ఆ ఇంట్లో బిడ్డైనా పుట్టాలి, ఇంటి ఆవైనా ఈనాలి. మా వాళ్ళందరిలో ఉన్న పద్ధతే. హాసిని మార్చిలో పుట్టింది, రిషి అక్టోబరులో. "మన పిల్లకాయలిద్దరూ పండక్కి పనికిరాకుండా పోయినారే" అని ఈయన ఒకసారి నవ్వుతూ అన్నారు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు నేను పచ్చి బాలింతను.

చవితి నాడు ఇక్కడ గడప ముందు ముగ్గు కూడా వెయ్యం. పక్కిళ్ళ వాళ్ళు కుడుములు తెచ్చి ఇస్తారు. పిల్లలు తింటారు. నాకు గొంతు దిగవు. పాండూరులో మా పుట్టింట్లో మట్టి వినాయకుణ్ణి పిళ్ళయార్ అంటూ, ఆయన ముందు గుంజీళ్ళు తీస్తూ పెరిగినదాన్ని.

పెళ్ళయి పదేళ్ళు. అత్త నా ముందు ఆ పిల్ల పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. అన్నీ అత్తే. కలశానికి కళ్ళు దిద్దేటప్పుడు మాత్రం కాటుక పుల్ల నా చేతికిచ్చింది. "నాకు రెండు ముఖాలు కనబడతా ఉండాయి, నువ్వే దిద్దు." ఎడమ కంటి పొర ముదిరింది. 23న తిరువళ్ళూరులో ఆపరేషన్. వదిన అక్కడే ఉంది కాబట్టి అయిదారు రోజులు కూతురి దగ్గరే.

అత్త బెంగ కంటి గురించి కాదు. "చుక్క ఈనేటప్పుడు నేను యాడనో ఉంటానే..."

చుక్క మా ఆవు. నుదుట తెల్లమచ్చ. ఈ ఇంట్లో పుట్టిన ప్రతి దూడనూ అత్తే తన చేతుల మీద దించింది. నాకు పాలు తీయడం వచ్చు, అంతే.

ఈనడం అన్న మాట వినగానే హాసిని చెవులు నిక్కపొడుచుకున్నాయి. నేను చూశాను.

ఆగస్టు 9

అనుకున్నంతా అయింది. పశువుల డాక్టర్ వచ్చి చుక్కకు సూది వేసి వెళ్ళిన తేదీ ఈయన పాత క్యాలెండర్ మీద రాసుకున్నారు. నవంబరు 19. హాసిని నిన్నంతా వేళ్ళు మడుస్తూ కూర్చుంది. రెండు వందల ఎనభై రోజులని నాయన చెప్పాడట, ఆ లెక్కన ఆగస్టు 26. తొమ్మిది నెలల తొమ్మిది రోజులని అవ్వ చెప్పిందట, ఆ లెక్కన 28.

"మధ్యలో ఏముండాదో చూడుమా!"

మధ్యలో 27. బుధవారం. చవితి.

నా గుండె కూడా ఒక్కసారి ఎగిరింది. పైకి మాత్రం "పోయి హోంవర్క్ చెయ్" అన్నాను.

ఆగస్టు 12

రిషి చుక్క పొట్టకు నోరు ఆనించి లోపలి దూడకు చెబుతున్నాడు. "ఇరవయ్యేడు దాకా సుమ్మా ఉండు. బయటికి రావద్దు."

ఆగస్టు 16

తిరుత్తణి. ఆడికృత్తిక. బస్సులో కాలు పెట్టే చోటు లేదు, కొండ మీద అంతకన్నా లేదు. ఎటు చూసినా పసుపు బట్టలు, కావళ్ళు. రిషి ఈయన భుజాల మీద.

దిగేటప్పుడు హాసినిని అడిగాను, ఏం మొక్కుకున్నావే అని. "చెప్తే జరగదు" అంది. పైనుంచి రిషి అరిచాడు, "దూడ!"

వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అన్నగారి పండగ కోసం తమ్ముడి దగ్గర సిఫారసు. సుబ్రహ్మణ్యస్వామి నవ్వుకుని ఉంటాడు.

ఈయన నవ్వలేదు. ఇంటికొచ్చాక, "వాళ్ళకు అంత ఆశ పెట్టొద్దే" అన్నారు. నేను పెట్టానా! కోపం వచ్చి అన్నం గిన్నె చప్పుడయ్యేలా దించాను. పాపం, ఆయన భయం నాకు తెలుసు.

ఆగస్టు 23

ఆపరేషన్ బాగా జరిగిందని వదిన ఫోన్. కంట్లో నీళ్ళు పడకూడదు, తల వంచకూడదు, ఏడవకూడదు. 28న కన్ను చూసి పంపిస్తారట. అత్త అడిగిన మొదటి మాట, "చుక్క ఎట్లుండాది?"

ఆగస్టు 24

చుక్క పొదుగు దిగింది. తోక పక్కన గుంటలు పడ్డాయి. మేత సగంలో వదిలేస్తోంది. నాకు తెలిసిన కాస్తలోనే తెలుస్తోంది. రేపో మాపో.

ఇంకా మూడు రోజులు ఉన్నాయి కదమ్మా, ఆగు.

ఆగస్టు 25, సోమవారం

ఆగలేదు.

సాయంత్రం నాలుగింటికి. ఈయన సమయానికి షాపు నుంచి వచ్చారు కాబట్టి సరిపోయింది. పెయ్యదూడ. తల్లిలాగే నుదుట మచ్చ. అరగంటలో లేచి నిలబడింది, పడింది, మళ్ళీ నిలబడింది. చూస్తూ ఏడ్చేశాను. ఎందుకో.

బడి నుంచి వచ్చిన రిషి సంచీ అక్కడే పారేసి గోల. "రెండు దినాలు ఆగమని చెప్పినానే దానికి!" హాసిని ఏడవలేదు. దూడను చూస్తూ నిలబడింది చాలాసేపు. తర్వాత నా దగ్గరికి వచ్చి గుసగుసగా, "అవ్వకు తెలీదు కదా?"

నెత్తిన ఒక్క మొట్టికాయ వేశాను. అవ్వతో అబద్ధమా! అదీ ఈ విషయంలో!

ఆగస్టు 26

పొద్దున జున్ను వండాను. పక్కనే కాంతమ్మక్క ఇంటికి, ఎదురింటికి, చివరి రెండిళ్ళకు పంపాను. ఎప్పుడూ చేసే పనే కదా, చెయ్యి దానంతటది చేసుకుపోయింది.

పదకొండింటికి వదిన ఫోన్. అత్త పక్కనే ఉంది. "ఈనిందా?"

నా నోరు దానంతటదే అంది. "ఇంకా లేదత్తా."

ఫోన్ పెట్టేశాను. నిన్న పిల్ల నెత్తిన వేసిన మొట్టికాయ ఇప్పుడు నాకెవరు వెయ్యాలి? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాలుగిళ్ళ వాళ్ళు జున్ను తిని మూతి తుడుచుకుంటుండగా నేను ఆవు ఈనలేదని చెప్పాను. అది అతికే అబద్ధమేనా?

సాయంత్రం ఈయనకు చెప్పాను. తిడతారనుకున్నాను. దూడ వైపు చూసి షాపు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఏడింటికి తిరిగొచ్చారు. చేతుల్లో తువ్వాలు కప్పిన మట్టి పిళ్ళయార్, తువ్వాలు జారిన చోట గురిగింజ కళ్ళు. తువ్వాలు అంచున రంగు కాగితం గొడుగు బయటికి కనబడుతోంది. జిల్లేడు పూల దండ. ఒక పత్రి కట్ట, సంతలో కొన్నది.

పిళ్ళయార్‌ను గూట్లో పెట్టారు. నేను కుడుములకు బియ్యం నానబోశాను.

ఆగస్టు 27, బుధవారం. చవితి

పొద్దున ఏడింటికి ఫోన్ హాసిని చేతిలో. ఆపుదామా అనుకున్నాను. ఆపలేదు. అది నా తప్పే, రాసి పెట్టుకుంటున్నాను.

"అవ్వా! చుక్క ఈనింది! పొద్దున్నే! పెయ్యదూడ!"

అటువైపు అత్త గొంతు. "పెయ్యదూడా?" ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "మీ అమ్మను పూజ చేసుకోమను. నేను వచ్చిందాకా ఆగే పండగా అది?"

తర్వాత వదిన ఫోన్ తీసుకుని పక్కకు వెళ్ళి మెల్లగా అంది. "అమ్మ ఏడుస్తా ఉండాది. కంట్లో నీళ్ళు పడకూడదన్నాడు డాక్టరు... ఎట్ల ఆపేది?"

డెబ్బయ్యేళ్ళ మనిషి, కోసిన కన్ను. మేం ఏడిపించాం. ఒక కొళకట్టై కుడుము కోసం, ఒక కాగితం గొడుగు కోసం.

అయినా పూజ చేశాం. ముగ్గు వేశాను, చుక్కలు వంకరపోయాయి. కుడుములు చేశాను. రిషి నూట ఎనిమిది గుంజీళ్ళు తీస్తానన్నాడు, పన్నెండుకు పడిపోయాడు. హాసిని ఒక్కొక్క ఆకూ వేస్తుంటే ఈయన పక్కన కూర్చుని చూశారు. పత్రి మీద ఆ పిల్ల చెయ్యి పడ్డప్పుడల్లా ఆయన ముఖం... ఇక రాయలేను.

పూజ అయ్యాక పశువుల కొట్టంలో ఈయన నోరు విప్పారు. పదేళ్ళలో నాకు తెలియని సంగతి. "భారతి పోయినాక ప్రతి చవితికీ నేను పొద్దున్నుంచీ కొట్టంలోనే కూర్చుంటా ఉంటినే. ఆవు ఈనుతాదేమో, పండగ వస్తాదేమోనని. మూడో ఏడు మా క్లాసు పిల్లకాయలు ఆర్.కె.పేటకు లాక్కోనిపోయినారు. మర్నాడు పొద్దున చూస్తే దూడ. ఒక్క దినం... ఒక్క దినంలో తప్పిపోయింది. ఆ తర్వాత కూర్చునేది మానేసినా."

పదిహేనేళ్ళ పిల్లాడు కళ్ళ ముందు కనబడ్డాడు నాకు. అబద్ధం చెప్పినందుకు అప్పుడు కాస్త బాధ తగ్గింది.

సందెపొద్దున పొరపాటున చంద్రుణ్ణి చూశాను. చవితి చంద్రుణ్ణి చూస్తే చెయ్యని తప్పుకు నింద పడాలట. నా మీద పడేదంతా చేసిన తప్పుకే. నాకా బెంగ లేదు.

ఆగస్టు 28

అత్త వచ్చింది. వదిన కారులో దింపి వెళ్ళింది. నల్ల కళ్ళద్దాలు, చేతిలో మందుల సంచీ. కాళ్ళు కూడా కడుక్కోకుండా నేరుగా కొట్టంలోకి.

దూడ పక్కన కూర్చుంది. తల వంచకూడదు కదా, నిటారుగా కూర్చుని చేత్తో తడుముతోంది. గిట్టలు. బొడ్డు. వెన్ను. మళ్ళీ బొడ్డు. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. హాసిని నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. రిషి నోరు నేనే చేత్తో మూశాను.

అప్పుడు గోడ అవతల నుంచి కాంతమ్మక్క గొంతు. "పండగ నాడే ఈనింది కదక్కా! మేమందరం చూస్తిమి!"

నేను అడగలేదు ఆమెను. ఎదురింటామె వచ్చి మరీ చెప్పింది, "పొద్దున ఏడు కూడా కాలేదు పెద్దమ్మా." చివరింటి ముసలాయన కూడా ఊఁ కొట్టాడు. సోమవారం ఈనిన ఆవుకు బుధవారం సాక్షులు ముగ్గురు!

"ఊఁ" అంది అత్త. లేచి కాళ్ళు కడుక్కుంది.

తర్వాత కూపీ లాగితే తెలిసింది. హాసిని బుధవారం పొద్దున్నే నాలుగిళ్ళ గడపా తొక్కిందట. "మా అవ్వ అడిగితే ఈ దినమే అని చెప్పండి" అని. కాంతమ్మక్క నాతో అంది, "ఆ బిడ్డ చేతులు జోడించింది. కాదని ఎట్ల చెప్పేది? ఇరవయ్యారేళ్ళుగా ఆ గడపకు కుడుములు తెచ్చిచ్చేది మేమే కదా." ఆమెను కావలించుకున్నాను. జున్ను గిన్నె ఇంకా తిరిగివ్వలేదు, అది వేరే సంగతి.

ఆగస్టు 29, శుక్రవారం

పొద్దున అత్త తానే జున్ను వండుతానంది. వదినకు పంపాలట. నేను వండుతానంటే వినదు. బెల్లం వేసి, యాలకులు వేసి, ఆవిరి మీద పెట్టింది.

పాలు గడ్డకట్టలేదు. ఎందుకు కడతాయి? అయిదో రోజు పాలు.

అత్త మూత తీసి చూసింది. మళ్ళీ మూసి ఇంకాసేపు పెట్టింది. మళ్ళీ తీసింది. తీపి పాలు, అంతే. నేను చట్నీ నూరుతున్నట్టు ఖాళీ రోట్లో పొత్రం తిప్పుతున్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డికి అన్నవాడికైనా చెప్పుకోవడానికి ఒక మాట ఉంది, నాకు అదీ లేదు.

"ఈ చుక్క పాలు ముందునించీ పలచనే" అంది అత్త. గ్లాసుల్లో పోసి పిల్లలకు తాగించింది.

చుక్క పాలు పలచన కాదు. పోయినసారి ఈనినప్పుడు మూడో రోజు జున్ను కత్తితో కోసుకున్నాం. అత్తే కోసింది.

సాయంత్రం పిళ్ళయార్‌ను చేని బావిలో కలిపాం. రిషి ఇవ్వనని ఏడుపు. అత్త గట్టు మీద నిలబడి చూసింది. నల్ల అద్దాల వెనక ఏముందో నాకు కనబడలేదు.

ఆగస్టు 30

ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకుంది. తిట్టినా బాగుండేది. ఏ పనీ తోచడం లేదు. రేపు నేనే చెప్పేస్తాను. పిల్లను అనవద్దని కాళ్ళు పట్టుకుంటాను.

ఆగస్టు 31, ఆదివారం

ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. చిన్నప్పుడు మా తాత నేర్పాడు. ఈయనకు, పిల్లలకు అరవం. అత్తకు వేలిముద్ర. కాబట్టి రాస్తున్నాను. ఇంకెక్కడా చెప్పుకోలేను.

సాయంత్రం పాలు తీసే వేళ కొట్టంలో మేమిద్దరమే. నేను నోరు తెరిచే లోపలే అత్త అంది. "డాక్టరు కంటికి కట్టు కట్టినాడు గానీ చేతికి కట్టలేదు కదమ్మా. రెండో దినం దూడకు బొడ్డు అట్ల ఎండదు."

"తప్పయింది అత్తా. హాసిని పసిపిల్ల, నేనే..."

"సుమ్మా ఉండు. పాలు తియ్యి."

తీశాను. చుక్క ఒకసారి కాలు విదిల్చింది. అత్త దూడ మెడ నిమురుతూ, నన్ను చూడకుండా, రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"భారతి పోయిన మూడో ఏడు. చవితి నాడే మన ఎర్రావు ఈనింది. పట్టపగలు. ఇంట్లో ఎవురూ లేరు. మీ మామ చేన్లో ఉండె. వీడు ఆర్.కె.పేటకు పోయినాడు. దూడను ఎత్తుకోని, ఆవును తోలుకోని ఊరవతల పాడుబడిన బాయికాడ పాకలో కట్టేసినా. ఆవు కట్టు తెంచుకోని పోయింది, వెతుకుతా ఉండానని మీ మామకు చెప్పి పంపినా. మర్నాడు తెల్లారి ఇంటికి తోలుకొచ్చి, ఇప్పుడే ఈనిందని చెప్పినా."

నా చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకత్తా?"

"పండగ వస్తే నేను మళ్ళా కుడుములు చెయ్యాల గదా. దాన్ని పత్రికి పొమ్మని నేనే పంపినా. అది పోనంటే అరిచి పంపినా. పండగ చేసుకుంటే దాన్ని మరిచిపోయినట్టే అనిపిచ్చింది. చెయ్యలేకపోయినా." దూడ చెవి సవరించి, "వీడు ఆ దూడ కాడ కూర్చోని ఏడిచినాడు, ఒక్క దినంలో తప్పిపోయిందని. గడపలో నిలబడి చూస్తా ఉన్నా. చెప్పలా. మీ మామ పోయిందాకా ఆయనకూ చెప్పలా."

పాల బకెట్ పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను. తీసుకోలేదు, ఉంచింది.

"నేను ఒక దినం జరిపినా, మీరు రెండు దినాలు జరిపినారు. హాసినికి చెప్పొద్దు, నాకు తెలుసునని. భయపడతాది." లేవబోయి గుంజ పట్టుకుంది. "వీడికీ చెప్పొద్దు. నేనే చెప్తా. ఎప్పుడో ఒకనాడు."

కన్ను తుడుచుకోబోయి, తుడవకూడదని గుర్తొచ్చి చెయ్యి దించుకుంది.

సెప్టెంబరు 1

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. పదిహేనేళ్ళ ఆ పిల్లాడి కోసమైనా. రాలేదు. ఆమె కోసం జాలి పడదామంటే ఆయన ముఖం అడ్డొస్తోంది. ఒక్క దినంలో తప్పిపోయిందని ఇన్నేళ్ళు మోసిన మనిషి. తప్పిపోలేదని తెలిస్తే తేలికవుతాడా, విరిగిపోతాడా?

ఎప్పుడో ఒకనాడు అంది. ఆమెకు డెబ్బై.

ఈయన షాపు నుంచి వచ్చారు. ఈ అయిదు రోజులుగా వస్తూనే కొట్టంలోకి, పిల్లల కన్నా ముందు. దూడను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను కాఫీ ఇచ్చాను.

"నిన్న అమ్మ ఈడ కూర్చోని నీతో అంతసేపు ఏం మాట్లాడిందే?"

"పాల గురించి" అన్నాను.